మానవశాస్త్రం: మూడో ఏడాది తర్వాత



అమెరికాలో రోచెస్టర్ అనే ఊళ్లో లూయిస్ హెన్రీ మోర్గన్ అని ఒక లాయరు ఉండేవాడు. 1871లో ఆయన రాసిన లావుపాటి పుస్తకం ఒకటి స్మిత్సోనియన్ సంస్థ అచ్చు వేసింది. ప్రపంచంలో ఎవరెవరు ఏ చుట్టాన్ని ఏమని పిలుస్తారో పట్టికలు కట్టిన పుస్తకం అది. ఆ పట్టికల్లో తమిళం, కన్నడంతోపాటు మన తెలుగు వరసలూ ఉన్నాయి. మోర్గన్ ఎక్కడ నివ్వెరపోయాడంటే, న్యూయార్క్ రాష్ట్రంలో ఉండే సెనెకా ఆదివాసుల వరసలు, సముద్రాలకు ఇవతల ఉన్న మన వరసలు చాలా మటుకు ఒకే తీరుగా కనిపించాయి. నాన్న అన్నదమ్ములు నాన్నల లెక్క. అమ్మ అక్కచెల్లెళ్లు అమ్మల లెక్క. వాళ్ల పిల్లలు మనకు తోబుట్టువులు. మేనమామ, మేనత్త మాత్రం వేరే గట్టున ఉంటారు. ఈ ఒక్క పోలిక పట్టుకుని, అమెరికా ఆదివాసులు ఆసియా నుంచి వెళ్లినవాళ్లే అనడానికి సాక్ష్యం దొరికిందని ఆయన సంబరపడ్డాడు. ఆసియా నుంచి వెళ్లిన మాట నిజమేనని తర్వాత తేలింది గానీ, ఆయన చూపించిన సాక్ష్యం మాత్రం నిలవలేదు. సెనెకాల్లో మేనరికం లేదు మరి.

ఇంత కథ ఎందుకు చెప్తున్నానంటే, యూనివర్సిటీలో మానవశాస్త్రం, అదే ఆంత్రోపాలజీ, చదివే పిల్లలకు డిగ్రీ చివరి ఏళ్లలో బంధుత్వం మీద ఒక పేపరు ఉంటుంది. ‘పారలల్ కజిన్’, ‘క్రాస్ కజిన్’ అన్న తేడా బుర్రకెక్కించుకోవడానికి పాశ్చాత్య దేశాల విద్యార్థులు చాలా అవస్థ పడతారు. వాళ్లకు అందరూ కజిన్లే కదా. మన పిడుగురాళ్లలో అయిదేళ్ల పిల్ల పెళ్లి పందిట్లో ఎవర్నో ‘బావా’ అని పిలిస్తే, పక్కనున్న నాయనమ్మ ఊరుకోదు. “బావేంటే, వాడు మీ పెద్దమ్మ కొడుకు, అన్నయ్యవుతాడు” అని అక్కడికక్కడే దిద్దుతుంది. సెమిస్టరు పాఠం ఆ పిల్లకు విస్తరి ముందే అయిపోయింది.

చిక్కల్లా ఇక్కడే ఉంది. ఊహ తెలిసినప్పటి నుంచీ వచ్చిన విద్య గనక, ఇలా ఎందుకుందని మనం ఎప్పుడూ అడగలేదు. క్లాసులో మేష్టారు బోర్డు మీద త్రిభుజం వేస్తే మగ, వృత్తం వేస్తే ఆడ, మధ్యన రెండు అడ్డగీతలు గీస్తే పెళ్లి. మీ ఇంటి పటం వేసుకు రమ్మంటాడు. మనవాడు హుషారుగా మొదలుపెడతాడు. రెండు తరాలు దాటేసరికి కాగితం మీద గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటాయి. మేనమామ అక్కను చేసుకున్నాడు. ఇప్పుడాయన మామయ్యా, బావా? అక్కను అక్కా అనాలా, అత్తా అనాలా? ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ ఒక మాట చెప్తుంది, బాబాయి ఇంకో మాట చెప్తాడు. పిలుపు పాతదే ఉంచుకుని మర్యాదలు మాత్రం కొత్త వరసకు తగ్గట్టు నడిపిస్తారని, అదీ ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉంటుందని తేలుతుంది. నన్నడిగితే మానవశాస్త్రం మొదలయ్యేది ఆ ఫోన్ దగ్గరే. మొదటి రెండేళ్లూ చదివింది దానికి ముందుమాట.

ఆ ముందుమాట చిన్నదేమీ కాదు. కోతి నుంచి మనిషి దాకా వచ్చిన దారి, పుర్రెలు, రాతి పనిముట్లు, సంస్కృతి అంటే ఏమిటన్న నిర్వచనాలు. సంస్కృతికి ఇప్పటికీ పరీక్షల్లో రాసే నిర్వచనం ఇంగ్లండులో ఎడ్వర్డ్ టైలర్ ఇచ్చింది, అదీ 1871లోనే. డార్విన్ మనిషి పుట్టుక గురించి రాసిన పుస్తకం వచ్చిందీ ఆ ఏడాదే. ఆ ఏడాదిని కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికి రావాలి.

మన రాష్ట్రంలో ఈ సబ్జెక్టుకు విశాఖపట్నం ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనూ విభాగాలున్నాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఉంది. చిన్న ఊళ్ల డిగ్రీ కాలేజీల్లో మాత్రం అరుదు. అందుకని పల్నాడు నుంచి ఓ కుర్రాడు ఆంత్రోపాలజీ చదువుతున్నానని చెప్తే ఊళ్లో మొదటి ప్రశ్న ఒకటే: “అదేం చదువురా, ఉద్యోగమొచ్చుద్దా?” కొంచెం తెలిసినవాళ్లయితే, “ఓహో, సివిల్స్‌కా” అంటారు. అదీ నిజమే. సివిల్ సర్వీసెస్ మెయిన్స్‌లో ఆంత్రోపాలజీ ఆప్షనల్‌గా తీసుకుంటే రెండు పేపర్లు, 500 మార్కులు. 2017 పరీక్షలో దేశంలోనే మొదటి ర్యాంకు తెచ్చుకున్న మెట్‌పల్లి అబ్బాయి దురిశెట్టి అనుదీప్ ఆప్షనల్ కూడా ఇదే. అప్పటి నుంచి హైదరాబాద్ కోచింగ్ సెంటర్లలో దీని మీద మోజు ఇంకా పెరిగింది. సిలబస్ చిన్నది, స్కోరింగ్ సబ్జెక్టు అంటారు. వాళ్లను తప్పు పట్టను, ఇంట్లోవాళ్లు అప్పుచేసి చదివిస్తున్న పిల్లలు వాళ్లు. కాకపోతే నాలుగు నెలల్లో నోట్సు బట్టీ పట్టి ఈ శాస్త్రం చదివామనుకుంటే, ఈతను గట్టున కూర్చుని నేర్చుకున్నట్టే.

నీళ్లలో దిగడం అంటే ఫీల్డ్‌వర్క్. మూడో ఏడాదిలోనో, ఆనర్స్ నాలుగో ఏడాదిలోనో విద్యార్థిని ఒక ఊళ్లో దింపి, ఉండి చూసి రాసుకు రమ్మంటారు. ఈ పద్ధతికి మూలపురుషుడు బ్రోనిస్లావ్ మలినోవ్‌స్కీ. పోలండువాడు, కాగితాల ప్రకారం ఆస్ట్రియా పౌరుడు. మొదటి ప్రపంచయుద్ధం వచ్చేసరికి ఆస్ట్రేలియా దిక్కున శత్రుదేశస్థుడిగా చిక్కుకుపోయి, 1915 నుంచి 1918 మధ్య పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవుల్లో గుడారం వేసుకుని అక్కడి భాష నేర్చుకుని ఉండిపోయాడు. ఆయన సెమినార్లలో కూర్చున్న వియన్నా యువకుడు క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్‌కు రెండో ప్రపంచయుద్ధంలో అచ్చం అదే గతి పట్టింది. ఆయన్ను హైదరాబాద్ సంస్థానం దాటి వెళ్లకూడదన్నారు. ఆయన వెళ్లి నల్లమలలో కూర్చున్నాడు. కృష్ణకు అవతలి గట్టున అమ్రాబాద్ చెంచుల మీద రాసిన పుస్తకం 1943లో వచ్చింది. తర్వాత కొండరెడ్లు, ఆ తర్వాత ఆదిలాబాద్ గోండులు. ఆయన భార్య బెట్టీ సమాధి మార్లవాయి గూడెంలోనే ఉంది. రెండు యుద్ధాల పుణ్యమా అని ఈ శాస్త్రానికి రెండు గొప్ప ఫీల్డ్‌వర్కులు దక్కాయన్నమాట.

ఇప్పుడు మన రాష్ట్రంలో ఏ డిగ్రీ చదివే పిల్లలైనా కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేయాలి. మంచి ఆలోచన. ఆచరణలో ఏం జరుగుతోందో మీకూ తెలుసు. ఒక ఫారం పట్టుకుని వీధిలో దిగుతారు. పేరు, కులం, రేషన్ కార్డు ఉందా, మరుగుదొడ్డి ఉందా, టిక్కు. సాయంత్రానికి ఊరు అయిపోతుంది. ఎవరి రిపోర్టు వాళ్లే రాస్తున్నారా అన్నది వేరే సంగతి. ఫారం తప్పని నేననను, లెక్కకు అది కావాలి. అది చూడలేనివి కొన్ని ఉంటాయి, అంతే.

మిరపకాయ కోతల కాలం తీసుకోండి. కర్నూలు పడమటి దిక్కు నుంచి, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు మన గుంటూరు, పల్నాడు పల్లెలకు దిగుతాయి. పొలం గట్టునో, ఊరవతల ఖాళీ జాగాలోనో పట్టాలు కట్టుకుని నెలల తరబడి ఉంటారు. ఫారం పట్టుకెళ్తే ‘వలస కూలీలు, ఇన్ని కుటుంబాలు’ అని వస్తుంది. ఆంత్రోపాలజీ పిల్ల అక్కడే నాలుగు రోజులు కూర్చుంటే వేరే ప్రశ్నలు పుడతాయి. ఈ జట్టును తెచ్చిన మేస్త్రీ వీళ్లకేమవుతాడు? బయటివాడా, బావా? బావే అయితే అడ్వాన్సు గురించి గట్టిగా అడగగలరా? పక్కపక్క సాళ్లలో కోసేది ఎవరెవరు? కిలో లెక్కన కూలి ఇచ్చే చోట కాటా దగ్గర కూతురు కోసిన కాయ ఎవరి పేరున రాస్తున్నారు? సాయంత్రం చూస్తే పొయ్యి మీద జొన్నరొట్టె కాలుతుంటుంది, పక్కనే రైతు పంపిన బియ్యం మూట విప్పకుండా ఉంటుంది. ఎందుకుంది? ఘాటుకు చేతులు మండుతుంటే చంటిబిడ్డనెవరు ఎత్తుకుంటున్నారు? రైతు భార్య వాళ్లను ఏమని పిలుస్తోంది, వాళ్లు ఆమెనేమంటున్నారు? వీటికి ఫారంలో గడి లేదు. అడిగినా మొదటి రోజు చెప్పరు. వారం తర్వాత, నువ్వు నాలుగు కాయలు కోసి చేతులు మండించుకున్నాక, అడక్కుండానే చెప్తారు.

మన పిడుగురాళ్లలోనే కావాలంటే సున్నపు బట్టీలున్నాయి. రాయి, బొగ్గు వరసలు వరసలుగా పేర్చి కాల్చే ఆ బట్టీల మీదే మన ఊరికి ‘లైమ్ సిటీ’ అన్న పేరొచ్చింది. ఏ కులంవాడు రాయి కొడతాడు, ఎవరు బట్టీ పైకెక్కి పోస్తారు, కింద నుంచి సున్నం లాగేది ఎవరు, ఓనరు ఎలా అయ్యాడు, వాళ్ల తాత ఏం చేసేవాడు? ఒక డిజర్టేషన్‌కు ఇది చాలు, మిగుల్తుంది కూడా.

పత్తి సంగతి చెప్తే మన రైతులు నవ్వుకుంటారేమో. అమెరికా నుంచి గ్లెన్ డేవిస్ స్టోన్ అనే ఆంత్రోపాలజిస్టు వచ్చి వరంగల్ జిల్లా పల్లెల్లో పత్తి రైతులతో ఏళ్ల తరబడి మాట్లాడాడు. దేశంలో బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. ఆ తర్వాత దుకాణాల్లో విత్తనాల బ్రాండ్లు కుప్పలు తెప్పలు. స్టోన్ చూసిందేమిటంటే, ఒక ఊళ్లో ఒక ఏడాది ఒకే బ్రాండు మీద జనం ఎగబడతారు, రెండేళ్లు తిరిగేసరికి దాన్ని అడిగేవాడుండడు. నేల మారలేదు, వాన మారలేదు. పక్కవాడు కొన్నాడని వీడు కొన్నాడు, పెద్ద రైతు కొన్నాడని పక్కవాడు కొన్నాడు. వేసి, చూసి, పోల్చుకుని నేర్చుకునే వీలు రైతు చేతుల్లోంచి జారిపోతోందని 2007లో ‘కరెంట్ ఆంత్రోపాలజీ’ పత్రికలో ఆయన రాశాడు. రైతుకు తెలివి లేదని ఆయన అనలేదు సుమా. తెలివికి పనిలేకుండా పోయేంత వేగంగా సంచులు మారుతున్నాయన్నాడు. జూన్‌లో పిడుగురాళ్ల విత్తనాల కొట్టు ముందు అరగంట నిలబడ్డవాళ్లెవరికైనా ఈ మాట వింతగా తోచదు. మనకు తోచనిదల్లా అది పరిశోధన అవుతుందన్న సంగతి.

అలాగే కారెంపూడి. బస్సెక్కితే ఎంతోసేపు పట్టదు. కార్తీకం చివర అక్కడ పల్నాటి వీరుల ఉత్సవం. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు, అయిదు రోజులు. కొణతాలు, అంటే వీరుల ఆయుధాలు, పట్టుకుని వీరాచారవంతులు నాగులేటికి వెళ్తారు, ఒళ్లు తెలియకుండా ఊగిపోతారు. మందపోరు నాడు చాపకూడు, బ్రహ్మనాయుడు అన్ని కులాల్నీ ఒకే చాప మీద కూర్చోబెట్టి తినిపించాడన్న దానికి గుర్తుగా. ఈ వీరగాథను అక్కడి గాయకుడు పాడుతుంటే రికార్డు చేసుకుని, ఇంగ్లీషులోకి మార్చి, పెద్ద పరిశీలనతో 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి పుస్తకం తెచ్చింది జీన్ రోఘైర్ అనే అమెరికన్. పాడేవాళ్లు మాల కులంవాళ్లు, వాళ్లను వీరవిద్యావంతులంటారు. కథ 12వ శతాబ్దానిది. చాపకూడు ఈనాటిది. మన పిల్లలు సెల్‌ఫోన్‌లో దాన్ని వీడియో తీస్తారు. చివరి ఏడాది విద్యార్థి అయితే ఫోన్ జేబులో పెట్టి లెక్కపెట్టాలి: చాప మీద ఎవరు కూర్చున్నారు, ఎవరు ప్రసాదంలా పొట్లం కట్టించుకుని వెళ్లిపోయారు, వండింది ఎవరు, ఆ రోజు కలిసి తిన్నవాళ్లు మర్నాడు టీ ఎక్కడ తాగారు. నోటితో చెప్పే ఆచారానికీ చేతల్లో జరిగేదానికీ మధ్య సందులో ఈ శాస్త్రం కాపురం ఉంటుంది.

ఇక 1871 దగ్గరికి. బంధుత్వాల పుస్తకం, సంస్కృతి నిర్వచనం, మనిషి పుట్టుక, ఇన్ని పుట్టిన ఆ ఏడాదే మన దేశంలో బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది. కొన్ని కులాలు, తెగలు పుట్టుకతోనే దొంగలని రాసేసిన చట్టం. 1911లో చట్టాన్ని తిరగరాశాక మద్రాసు రాజ్యమంతా దాని కిందికొచ్చింది. 1913లో బాపట్ల దగ్గర స్టువర్టుపురం వెలిసింది. ఎరుకల కుటుంబాల్ని తెచ్చి, సాల్వేషన్ ఆర్మీ అజమాయిషీలో పెట్టి, హాజరు పట్టీలు వేసి, పొలంలోనూ ఫ్యాక్టరీలోనూ పని చేయించారు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో గానీ ఆ చట్టం పోలేదు. పేరు మీది మచ్చ మాత్రం సినిమాల దాకా వచ్చింది.

ఇందులో మానవశాస్త్రానికి వాటా లేదా అంటే, ఉంది. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్, రంగాచారి సాయంతో 1909లో దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు. అందులో ఎన్నో విలువైన సంగతులున్నాయి, ఇప్పటికీ అందరం తిరగేస్తాం. అదే మనిషి కొలబద్ద పట్టుకుని జనం ముక్కులూ తలలూ కొలిచాడు, ఆ కొలతల విద్య పోలీసులకూ నేర్పాడు. మొదటి ఏడాది పుస్తకంలో థర్‌స్టన్ పేరు ఒక వరసలో వస్తుంది, మార్కు పడుతుంది. పై తరగతికొచ్చాక ఆయన్ని మళ్లీ చదివిస్తారు, ఈసారి అనుమానంతో. నోటుపుస్తకం పట్టుకుని ఎరుకల కాలనీలోకి వెళ్లే కుర్రాడికి ఈ పాఠం ముందే తెలిసి ఉండాలి. అక్కడి ముసలివాళ్లకు రాసుకునేవాడంటే పోలీసో, రెవెన్యూవాడో. ఎందుకు రాస్తున్నావు, రాసింది ఎవరికిస్తావు, మాకు చదివి వినిపిస్తావా అని అడిగే హక్కు వాళ్లకుంది. సంతకం పెట్టించుకుంటే తీరిపోయే బాకీ కాదది. మన మాచర్ల, వెల్దుర్తి దిక్కున ఉన్న చెంచు గూడేలకు వెళ్లినా ఇదే మాట. ‘ఆదిమ తెగ’ అని ముద్ర వేసి వచ్చిపోయినవాళ్లను వాళ్లు చాలామందిని చూశారు.

సైన్సు పిల్లలు ఇది మాది కాదనుకోకండి. ఈ శాస్త్రానికి ఒక కాలు జీవశాస్త్రంలోనే ఉంది. మేనరికాల వల్ల పిల్లలకేమవుతుందన్న దాని మీద పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు, మీరాఖాన్‌తో కలిసి 1963లోనే ఆంధ్రప్రదేశ్ మీద పరిశోధన ప్రచురించారు. ఆయన జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ శిష్యుడు. 2009లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీవాళ్లు అమెరికన్లతో కలిసి 25 సమూహాల జన్యువులు పరిశీలించి ‘నేచర్’లో రాశారు. తమలో తామే పెళ్లిళ్లు చేసుకునే అలవాటు కొన్ని కులాల్లో వేల ఏళ్ల నుంచీ ఉందని తేలింది. అలా తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చిన మన వైశ్యుల్లో కొందరికి ఆపరేషన్‌లో కండరాలు సడలించడానికిచ్చే ఒక మందు ఎంతసేపటికీ దిగదు. మత్తుమందు డాక్టర్లకు ఇది తెలిసిన సంగతే. పెళ్లి పందిట్లో నాయనమ్మ దిద్దిన వరస ఆపరేషన్ థియేటర్ దాకా వచ్చిందంటే ఈ చదువు ఎంత వెడల్పో చూడండి.

ఉద్యోగం మాట దాటేశాననుకుంటారు. గిరిజన సంక్షేమ శాఖ, ఐటీడీఏలు, ప్రజారోగ్య ప్రాజెక్టులు, మ్యూజియాలు, 1945 నుంచీ ఉన్న ఆంత్రోపలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా, స్వచ్ఛంద సంస్థలు, పరిశోధన, బోధన. బీటెక్‌కు ఉన్నన్ని లేవు, ఉన్నాయని చెప్పి మిమ్మల్ని మోసం చేయను. ఈ చదువు చదివి ఇంకో ఉద్యోగంలో చేరినవాళ్లు ఎక్కువ.

ఊరు వదిలి వెళ్లలేని పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఇగ్నోలో దూరవిద్య ద్వారా బీఎస్సీ ఆనర్స్ ఆంత్రోపాలజీ చేయొచ్చు. అక్కడే ఎంఏ కూడా ఉంది. పాఠాలు ఇంగ్లీషులో ఉంటాయి, మొదట్లో ఇబ్బంది పడతారు. ఇప్పటికే వేరే డిగ్రీ చేస్తున్నవాళ్లు ఎంట్రన్స్ రాసి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏకు వెళ్లొచ్చు. ఈలోగా కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఎలాగూ నెత్తిన పడుతుంది. ఫారం నింపండి, తప్పదు. దాంతోపాటు ఒక ఇల్లు ఎంచుకుని, వాళ్ల అనుమతి అడిగి, బంధుత్వ పటం వేయండి. చెప్పేవాళ్లు చివర్న ఒకసారి చూస్తామంటారు, చూపించండి. మీరు తప్పు రాసిన వరసలు వాళ్లే దిద్దుతారు.